సూపర్ ఫాల్కన్స్ లెక్క ఎక్కడ సరిచూసుకోవాలి? నాలుగు రికార్డు సైట్ల బాగోగులు

నైజీరియా మహిళల ఫుట్‌బాల్ జట్టు సూపర్ ఫాల్కన్స్ ఆఫ్రికా కప్పును ఎన్నిసార్లు గెలిచింది? 2018 తర్వాత కొందరు 9 అన్నారు, కొందరు 11 అన్నారు. 2025 జులైలో రబాత్‌లో మొరాకోను ఓడించాక ఆ 9 కాస్తా 10, ఆ 11 కాస్తా 12 అయింది. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ఎక్కడ నుంచి లెక్క మొదలుపెట్టాలన్న దగ్గరే తేడా.

ఈ జట్టు గురించి వ్యాసం రాసేవాళ్లకూ, క్విజ్ ప్రశ్నలు కూర్చేవాళ్లకూ దిక్కు ప్రధానంగా నాలుగు ఉచిత సైట్లు: ఫుట్‌బాల్ గణాంకాల సైటు ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్, ఫిఫా సైటు, ఆఫ్రికా సమాఖ్య కాఫ్ సైటు, ఇంగ్లిష్ వికీపీడియా. నాలుగింటినీ ఒకే జట్టు మీద పెట్టి చూస్తే ఏది దేనికి పనికొస్తుందో, ఎక్కడ కాలు జారుతుందో తెలుస్తుంది. 1991 నుంచి 2023 దాకా జరిగిన తొమ్మిది ప్రపంచకప్పుల్లోనూ ఆడిన జట్లు ఏడే. అందులో ఆఫ్రికా నుంచి నైజీరియా ఒక్కటే. కాబట్టి ఒక రికార్డు సైటును పరీక్షించడానికి ఇంతకన్నా మంచి జట్టు దొరకదు.

ముందుగా ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్. 1994 జనవరిలో కొందరు ఔత్సాహికులు మొదలుపెట్టారు, ఇప్పటికీ స్వచ్ఛందంగానే నడుస్తోంది. చూడటానికి టైపు మిషన్ మీద కొట్టిన కాగితంలా ఉంటుంది. బొమ్మల్లేవు, రంగుల్లేవు, వరసగా అక్షరాలూ అంకెలే. కానీ ఒక్కో టోర్నీకి అర్హత పోటీల నుంచి ఫైనల్ దాకా ఒకే పేజీలో పైనుంచి కిందికి చదువుకుంటూ పోవచ్చు. ఈ సౌకర్యం మిగతా మూడింటిలోనూ లేదు. పేజీ అడుగున తయారుచేసిన వారి పేరు, చివరిసారి సవరించిన తేదీ ఉంటాయి. పైన ఏమీ చదవకముందే కిందికి వెళ్లి ఆ తేదీ చూడాలి. అది టోర్నీ ముగిసిన వారంలోనిదైతే, తర్వాత మారిన నిర్ణయాలేవీ అందులో ఉండవు.

దీని అసలు విలువ 1991 దగ్గర తెలుస్తుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 16న నైజీరియా తన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లో ఘనాను 5–1తో ఓడించింది. అది చైనాలో జరగబోయే మొదటి మహిళల ప్రపంచకప్పుకు అర్హత పోటీ. ఈ అర్హత పోటీకి ఆతిథ్య దేశమంటూ లేదు. ఇంటా బయటా రెండేసి మ్యాచులు. చాలా జట్లు ఆడకుండానే తప్పుకున్నాయి. చివరి అంకంలో కామెరూన్‌ను 2–0, 4–0తో ఓడించి నైజీరియా చైనా వెళ్లింది. 1995లోనూ అదే పద్ధతి, చివర్లో దక్షిణాఫ్రికాపై 4–1, 7–1. ఇప్పుడు ఈ రెండింటినీ 'ఆఫ్రికా ఛాంపియన్‌షిప్' అనాలా, 'ప్రపంచకప్పు క్వాలిఫయర్' అనాలా? ఆఫ్రికా కప్పు అనే లెక్కలో చేర్చుకునేవారికి 12. 1998లో నైజీరియాలోనే ఎనిమిది జట్లతో ఒకచోట జరిగిన టోర్నీ నుంచి మొదలెట్టేవారికి 10. నైజీరియా సమాఖ్య 2025 టోర్నీకి పెట్టుకున్న నినాదం 'మిషన్ ఎక్స్', అంటే రోమన్ అంకెల్లో పదోది. కాబట్టి అధికారికంగా రాయాలంటే 10, పక్కన '1998 నుంచి' అన్న ముక్క తప్పనిసరి. 12 అని రాస్తే '1991, 1995 క్వాలిఫయర్లతో కలిపి' అని రాయాలి. ఈ రెండు ముక్కలూ లేకుండా అంకె మాత్రమే ఇచ్చే వ్యాసాన్ని నమ్మక్కర్లేదు.

ఆ 10 ఏవో చూద్దాం. 1998, 2000, 2002, 2004, 2006 వరసగా ఐదు. తర్వాత 2010, 2014, 2016, 2018, 2024. మధ్యలో చేజారినవి మూడు: 2008, 2012 ఈక్వటోరియల్ గినీకి, 2022 దక్షిణాఫ్రికాకు. 2020 టోర్నీ కరోనా వల్ల రద్దయింది. '2024' టోర్నీ జరిగింది 2025 జులైలో. గూగుల్‌లో '2025 ఆఫ్రికా మహిళల కప్పు' అని కొడితే ఒక ఫలితం, '2024' అని కొడితే ఇంకో ఫలితం వచ్చి, రెండు వేర్వేరు కప్పులనుకుని 11 అని లెక్కేసేవాళ్లు ఉంటారు. ఈ పొరపాటుకు ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్‌లో ఆస్కారం తక్కువ, ఎందుకంటే అక్కడ టోర్నీ పేరు పక్కనే మ్యాచుల తేదీలు కనిపిస్తాయి.

పేరు మార్పులతో ఇంకో తలనొప్పి. ఈ టోర్నీని మొదట్లో 'ఆఫ్రికన్ విమెన్స్ ఛాంపియన్‌షిప్' అనేవారు. 2015లో కాఫ్ దాన్ని 'ఆఫ్రికా విమెన్ కప్ ఆఫ్ నేషన్స్' చేసింది. ఆ తర్వాత మళ్లీ పదాల వరస మార్చి 'విమెన్స్ ఆఫ్రికా కప్ ఆఫ్ నేషన్స్', పొట్టిగా 'వాఫ్‌కాన్'. కొత్త పేరుతోనే వెతికితే 2004 నాటి వార్తలు దొరకవు. పాతవాటికి పాత పేరుతోనే వెతకాలి.

ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్ పొట్టి గుర్తులకు అలవాటు పడాలి. 'ఏబీడీ' అంటే మధ్యలో ఆగిపోయిన మ్యాచ్. 2000 ఫైనల్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు: జోహానెస్‌బర్గ్‌లో ఆతిథ్య దక్షిణాఫ్రికాపై నైజీరియా 2–0తో ముందుండగా ప్రేక్షకుల గొడవతో 73వ నిమిషంలో ఆట ఆగిపోయింది, కప్పు నైజీరియాకు ఇచ్చారు. స్కోరు మాత్రమే ఇచ్చే సైట్లలో ఇది మామూలు 2–0 ఫైనల్‌లా కనిపిస్తుంది. 'డబ్ల్యూ/ఓ' అంటే ప్రత్యర్థి రాకపోవడం వల్ల వచ్చిన గెలుపు. దాన్ని ఆడిన మ్యాచుల్లో కలపకూడదు. 'ఏఈటీ' అంటే అదనపు సమయం తర్వాత వచ్చిన స్కోరు. 'ఏఎస్‌డీఈటీ' అని కనిపిస్తే అదనపు సమయంలో మొదటి గోల్‌తోనే మ్యాచ్ ముగిసిందని అర్థం, అంటే గోల్డెన్ గోల్. 1999 ప్రపంచకప్పు క్వార్టర్‌ఫైనల్ ఆ బాపతే. దాని సంగతి కింద వస్తుంది.

ఫోన్‌లో ఈ సైటు నరకమే. పేజీ వెడల్పు స్థిరంగా ఉండటంతో అంకెలు తెర దాటిపోతాయి, ఫోన్ అడ్డంగా తిప్పక తప్పదు. ఎక్సెల్‌లోకి తెచ్చుకుంటే ఇంకో చిక్కు. ఖాళీల దగ్గర విడగొట్టమని చెబితే 'సౌత్ ఆఫ్రికా', 'ఈక్వటోరియల్ గినీ' రెండేసి గడుల్లోకి వెళ్లి, వాటి స్కోర్లు ఒక గడి కుడికి జరుగుతాయి. నైజీరియా, ఘనా, కామెరూన్ ఒక్క మాట పేర్లు కాబట్టి మొదటి పది వరసలు బాగానే కనిపిస్తాయి. తప్పు ఎక్కడో మధ్యలో ఉంటుంది. 'స్థిర వెడల్పు' ఎంచుకుని గీతలు మనమే పెట్టుకోవాలి. తేదీల సంగతి కూడా అంతే. 1995 ప్రపంచకప్పులో కెనడాతో 3–3 డ్రా జరిగింది జూన్ 8న. 8-6-95 అని ఎక్కిస్తే అమెరికా పద్ధతిలో ఉన్న ఎక్సెల్ దాన్ని ఆగస్టు 6 చేసేస్తుంది. 16వ తేదీ లాంటివి మాత్రం మారవు, ఎందుకంటే పదహారో నెల లేదు. అందుకే సగం తేదీలు సరిగ్గా, సగం తప్పుగా తయారవుతాయి. తేదీ గడులను ముందే 'టెక్స్ట్'గా మార్చి, ఆ తర్వాత అతికించాలి.

ఇక ఫిఫా సైటు. ప్రపంచకప్పు మ్యాచుల లైనప్‌లు, గోల్ నిమిషాలు, కార్డుల విషయంలో చివరి మాట దీనిదే. ప్రతి టోర్నీకీ ఫిఫా వెలువరించిన సాంకేతిక నివేదికల పీడీఎఫ్‌లు ఉన్నాయి, అవి దొరికితే వదలకూడదు. సైటు రూపం మారినప్పుడల్లా పాత లింకులు చచ్చిపోతాయి, అది దీని పెద్ద జబ్బు. పదేళ్ల కిందటి వ్యాసంలో ఉన్న ఫిఫా లింకు నొక్కితే చాలాసార్లు మొదటి పేజీకి తీసుకెళ్లి వదిలేస్తుంది. ఆ చిరునామాను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పెడితే పాత పేజీ దొరికే అవకాశం ఎక్కువ.

ప్రపంచకప్పుల మొత్తాన్ని మనమే కూడుకుంటే సైట్ల బలం, బలహీనత రెండూ బయటపడతాయి. సంవత్సరాల వారీగా కొట్టిన గోల్స్, ఇచ్చిన గోల్స్ ఇవీ: 1991లో 0–7, 1995లో 5–14, 1999లో 8–12, 2003లో 0–11, 2007లో 1–4, 2011లో 1–2, 2015లో 3–6, 2019లో 2–7, 2023లో 3–2. మొత్తం 30 మ్యాచులు, 23 గోల్స్ కొట్టి 65 ఇచ్చింది. గెలుపులు 5: 1999లో ఉత్తర కొరియా, డెన్మార్క్, 2011లో కెనడా, 2019లో దక్షిణ కొరియా, 2023లో ఆస్ట్రేలియా. డ్రాలు 6, ఓటములు 19.

ఎక్కడైనా '5 డ్రాలు, 20 ఓటములు' అని కనిపిస్తే కారణం 2023 ఆగస్టు 7 నాటి బ్రిస్బేన్ మ్యాచ్. ఇంగ్లండ్‌తో 0–0, తర్వాత షూటౌట్‌లో 4–2తో ఓటమి. రికార్డుల పద్ధతిలో షూటౌట్‌కు వెళ్లిన మ్యాచ్ డ్రానే. 2018 ఆఫ్రికా ఫైనల్ కూడా అంతే: దక్షిణాఫ్రికాతో 0–0, షూటౌట్‌లో 4–3. కప్పు గెలిచిన మ్యాచ్ డ్రాల వరసలో పడటం చూసి పట్టిక తప్పనుకోకూడదు. 2022 సెమీస్‌లో మొరాకోతో 1–1గా ముగిసి షూటౌట్‌లో 5–4తో పోయింది. అదీ డ్రానే. అదే 1999 జులై 1న లాండోవర్‌లో బ్రెజిల్ చేతిలో 4–3 మాత్రం నికరమైన ఓటమి. 35 నిమిషాలకే 0–3తో వెనకబడి, రెండో సగంలో ఎమెరువా, ఒకోసియెమె, ఎగ్బే గోల్స్‌తో 3–3 చేసిన జట్టు అది. 104వ నిమిషంలో సిస్సి కొట్టిన గోల్డెన్ గోల్ ఆటలో భాగమే, షూటౌట్ కాదు. అందుకే అది ఓటముల్లోకి పోతుంది.

మరో మెలిక, 23 గోల్స్ కదా అని ఆటగాళ్ల గోల్స్ కూడితే 23 రావు. 2019లో దక్షిణ కొరియాపై 2–0లో ఒకటి కొరియా క్రీడాకారిణి సొంత గోల్. రెండోది అసిసాత్ ఒషోవాలాది. ఒషోవాలా 2015, 2019, 2023 మూడింట్లోనూ గోల్ కొట్టింది, ఆఫ్రికా నుంచి మూడు ప్రపంచకప్పుల్లో గోల్ చేసిన మొదటి మహిళ. ఇలాంటివి ఫిఫా మ్యాచ్ పేజీలోనే సరిచూసుకోవాలి. 1991 మ్యాచుల నిడివి 80 నిమిషాలే అన్నది కూడా గుర్తుంచుకోవాలి, 'చివరి పది నిమిషాల్లో ఇచ్చిన గోల్స్' లాంటి లెక్కలకు ఆ సంవత్సరం పనికిరాదు. అప్పుడు గెలుపుకు రెండు పాయింట్లే. నైజీరియా మూడూ ఓడింది కాబట్టి రెండైనా మూడైనా దానికి ఒరిగిందేమీ లేదు!

ఒలింపిక్స్ దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. పురుషుల ఒలింపిక్ ఫుట్‌బాల్ 23 ఏళ్లలోపు వారిది కాబట్టి సీనియర్ రికార్డుల్లోకి రాదు. అదే కొలతను మహిళలకూ పెట్టేసి ఆ మ్యాచులు కొట్టేస్తారు. మహిళలది పూర్తి సీనియర్ టోర్నీ. నైజీరియా 2000, 2004, 2008, 2024లో ఆడింది. 12 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు, 2004లో జపాన్‌పై 1–0. ఆ ఒక్క గెలుపుతోనే క్వార్టర్స్‌కు వెళ్లి జర్మనీకి 1–2తో తలవంచింది.

ఫిఫా మహిళల ర్యాంకింగ్ 2003లో మొదలైంది. ఏళ్ల తరబడి ఖండాన్ని ఏలిన జట్టు అందులో పైన ఎందుకు కనిపించదని తరచూ అడుగుతారు. ఆ లెక్కలో ప్రత్యర్థి బలం, మ్యాచ్ ప్రాధాన్యం, సొంతగడ్డ అన్నీ కలుస్తాయి. తక్కువ పాయింట్లున్న జట్టుపై ఆరేడు గోల్స్‌తో గెలిచినా పెరిగేది స్వల్పం, డ్రా చేసుకుంటే తగ్గేది ఎక్కువ. పెద్ద జట్లతో ఫ్రెండ్లీలు తక్కువగా ఆడే దేశానికి ఎదిగే దారి ఇరుకు. ర్యాంకును చరిత్రకు కొలతగా వాడకూడదు.

కాఫ్ సైటు గురించి చెప్పాల్సింది కొంచెమే. కొత్త టోర్నీల షెడ్యూలు, జట్ల జాబితాలు, అవార్డులు ఇక్కడే ముందు వస్తాయి. పాతవాటికి దీన్ని నమ్ముకుంటే పని జరగదు. 'ఆఫ్రికా ఉత్తమ క్రీడాకారిణి' అవార్డు ఒషోవాలాకు ఆరుసార్లు, పెర్పెటువా న్క్వోచాకు నాలుగుసార్లు దక్కింది, ఇలాంటి వివరాలకు మంచిది. న్క్వోచా 2004 ఫైనల్‌లో కామెరూన్‌పై 5–0లో నాలుగు గోల్స్ కొట్టింది, 2010 టోర్నీ మొత్తంలో 11 కొట్టింది. ఈ అంకెలు కావాలంటే మాత్రం మళ్లీ ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్ పేజీకే పోవాలి.

ఇంగ్లిష్ వికీపీడియా అందరికీ తెలిసిందే, తొందరగా ఒక అంకె కావాలంటే దాన్ని మించింది లేదు. అయితే ఒకే పేజీలో కుడివైపు పెట్టె, పై పేరా, కింది పట్టిక వేర్వేరు చేతులతో వేర్వేరు రోజుల్లో మారతాయి. పెట్టెలో కప్పుల సంఖ్య పెరిగినా కింది పట్టికలో పాత సంఖ్యే ఉండిపోవచ్చు. ప్రతి పట్టిక పైన 'ఫలానా తేదీ నాటికి' అన్న వాక్యం చదివి తీరాలి. 'అతిపెద్ద ఓటమి' గడి బాగా పనికొస్తుంది: 8–0 రెండుసార్లు, 1995 జూన్ 6న కార్ల్‌స్టాడ్‌లో నార్వే చేతిలో, 2010 నవంబర్ 25న లెవర్కుసెన్‌లో జర్మనీ చేతిలో. రెండోది ఈక్వటోరియల్ గినీపై 4–2తో ఆఫ్రికా కప్పు గెలిచిన రెండు వారాలలోపే. 'అతిపెద్ద గెలుపు' గడి దగ్గర కాస్త ఆగాలి. 2019లో పశ్చిమాఫ్రికా టోర్నీలో నైజర్‌పై 15–0 లాంటివి జట్టు అసలు బలాన్ని చెప్పవు. అన్నట్టు ఫిఫా పొట్టి గుర్తుల్లో నైజీరియా 'ఎన్‌జీఏ', నైజర్ 'ఎన్‌ఐజీ'. 'ఎన్‌ఐజీ'ని నైజీరియా అనుకుని ఫిల్టర్ పెడితే ఆ 15–0 ఓటమిగా వచ్చి కూర్చుంటుంది.

నాలుగింటిలోనూ బలహీనమైన చోటు ఒకటే: ఎవరెన్ని మ్యాచులు ఆడారు, మొత్తం ఎన్ని గోల్స్ కొట్టారు అన్నది. 1990లలోని ఫ్రెండ్లీల లైనప్‌లు పూర్తిగా నమోదు కాలేదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన వాళ్లు రెండు పేర్లతో కనిపిస్తారు. మెర్సీ అకిడే, అకిడే-ఉడో ఒకరే, గోల్‌కీపర్ ఆన్ అగుమాను, ఆన్ చియెజినే ఒకరే. 'వంద మ్యాచులు దాటింది' అన్న వాక్యాన్ని టోర్నీల వారీగా విడగొట్టి చూపించలేకపోతే వాడకపోవడమే మేలు. ఒనొమె ఎబి 2003 నుంచి 2023 దాకా ఆరు ప్రపంచకప్పు జట్లలో ఉంది అన్నది మాత్రం ధైర్యంగా రాయొచ్చు, ఎందుకంటే ఆరు జట్ల జాబితాలూ ఫిఫా దగ్గరున్నాయి.

స్కోర్ల పట్టికల్లో అసలే కనపడని చరిత్ర కూడా ఈ జట్టుకు ఉంది. 2004లో కప్పు గెలిచాక బోనస్ ఇచ్చేదాకా దక్షిణాఫ్రికాలో హోటల్ ఖాళీ చేయలేదు. 2016లో కప్పు తెచ్చాక అబూజాలో పార్లమెంటు ముందు నిరసనకు దిగారు. 2019 ప్రపంచకప్పులో జర్మనీ చేతిలో ఓడాక గ్రెనోబుల్ హోటల్లోనే బైఠాయించారు, పాత బకాయిల కోసం. ఇవి కావాలంటే ఆ వారాల నైజీరియా పత్రికలు తిరగేయాలి. ఈ నాలుగు సైట్ల పట్టికల్లో డబ్బుకు గడి లేదు.

మన దేశంలో కూర్చుని వెతికేవాళ్లకు తేదీల చిక్కు అదనం. 2025 ఫైనల్ రబాత్‌లో జులై 26 రాత్రి జరిగింది. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటి 27 వచ్చేసింది. గూగుల్ స్కోరు కార్డు మన సమయంలోకి మార్చి చూపిస్తుంది, రికార్డు సైట్లు అక్కడి తేదీ ఇస్తాయి. 1999 నాటి బ్రెజిల్ మ్యాచ్ కూడా మన లెక్కలో జులై 2 అవుతుంది. రెండు చోట్ల నుంచి తీసుకున్న జాబితాలను కలిపితే ఒకే మ్యాచ్ రెండుసార్లు పడుతుంది. తేదీ, ప్రత్యర్థి, స్కోరు మూడింటినీ కలిపి ఒక గుర్తుగా పెట్టుకుని, ఒక రోజు తేడాతో ఉన్న జంటలను చేత్తో చూసి తీసేయాలి.

వయసు జట్లు కలిసిపోవడం ఇంకోటి. 20 ఏళ్లలోపు జట్టు ఫాల్కొనెట్స్, 17 ఏళ్లలోపు జట్టు ఫ్లమింగోస్. 2010, 2014 అండర్-20 ప్రపంచకప్పు ఫైనళ్లలో జర్మనీ చేతిలో ఓడింది ఫాల్కొనెట్స్. 2022 అక్టోబరులో మన దేశంలోనే జరిగిన అండర్-17 ప్రపంచకప్పులో జర్మనీతో 3–3 చేసి, షూటౌట్‌లో గెలిచి మూడో స్థానం తెచ్చుకుంది ఫ్లమింగోస్. నవీ ముంబైలో జరిగిన ఆ మ్యాచ్ సూపర్ ఫాల్కన్స్ జాబితాలో ఎక్కడైనా కనిపిస్తే, దాన్ని తీసేసి మిగతా వరసలు కూడా మొదటి నుంచి చూసుకోవాలి.